చివరి మలుపు బాగుంటే బలహీనమైన కథను మన్నించవచ్చా?

ప్రశ్న:
ఈమధ్య ఒక సస్పెన్స్ సినిమా చూశాను. కథ ఎటూ కదలక, పాత్రలు చెప్పిందే చెబుతూ ఉంటే మధ్యలోనే లేచి వెళ్లిపోదామని రెండు మూడు సార్లు అనిపించింది. అయితే కథానాయకుడికి అండగా నిలిచిన స్నేహితుడే హంతకుడని చివరి పది నిమిషాల్లో తెలిసినప్పుడు నిజంగా ఉలిక్కిపడ్డాను. ఎలా ఉందని అడిగినవారికి ‘బాగుంది’ అనే చెప్పాను. ఆ మాట న్యాయమైనదేనా?

జవాబు 1:
నా దృష్టిలో కాదు. మంచి మలుపు అంతకుముందు చూసిన సన్నివేశాలకు రెండో అర్థం ఇస్తుంది. 1999లో వచ్చిన ‘ది సిక్స్త్ సెన్స్’లో పెళ్లిరోజు విందు సన్నివేశాన్ని గుర్తు తెచ్చుకోండి. భర్త ఆలస్యంగా వచ్చి సంజాయిషీ చెప్పుకుంటాడు. భార్య అతడి వైపు చూడకుండా బిల్లు తీసుకుని సంతకం చేసి వెళ్లిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు అది అలిగిన భార్య మౌనంగా తోస్తుంది, ముగింపు తెలిశాక అదే మౌనం పూర్తిగా వేరే సంగతి చెబుతుంది. (చూడనివారి కోసం ఇంతకంటే చెప్పను.) ముగింపు తెలియకపోయినా ఆ సన్నివేశం ఒక దాంపత్యం చెదిరిపోవడాన్ని చూపిస్తూ తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. మీరు చూసిన సినిమాలో అలాంటిది ఒక్కటైనా ఉందా?

జవాబు 2:
ప్రశ్న అడిగినవారు తమను తాము నిందించుకోనక్కర్లేదు. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ బృందం 1993లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, పాల్గొన్నవారు ఒకసారి 14 డిగ్రీల చల్లని నీటిలో 60 సెకన్లు చెయ్యి ఉంచారు. మరోసారి అదే 60 సెకన్ల తర్వాత, నీటిని కొద్దిగా వేడిచేస్తుండగా, ఇంకో 30 సెకన్లు ఉంచారు. మళ్లీ ఏది చేస్తారని అడిగితే ఎక్కువమంది బాధ ఎక్కువసేపు ఉన్న రెండోదాన్నే కోరుకున్నారు. చివర కాస్త నయమైతే జ్ఞాపకం మొత్తాన్నీ నయంగానే లెక్కవేస్తుంది. కాబట్టి ముగింపు మీ జ్ఞాపకాన్ని మార్చింది తప్ప, మీరు విసుగుతో గడిపిన సమయాన్ని మార్చలేదు.

జవాబు 3:
చాలాసార్లు ఆ మలుపే కథ బలహీనపడటానికి కారణమవుతుందని నా అనుభవం. రహస్యాన్ని చివరిదాకా దాచాలంటే రచయిత ఆ పాత్ర మనసులోకి మనల్ని రానివ్వలేడు. మనసు తెలియని పాత్ర ఎంతసేపు తెర మీద తిరిగినా మనకు పట్టదు. బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే చెబితే 15 నిమిషాల ఉత్కంఠ, చెప్పకపోతే 15 సెకన్ల ఆశ్చర్యం మాత్రమే మిగులుతాయని సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ ఫ్రెంచ్ దర్శకుడు ట్రూఫోకు వివరించింది ఇందుకే. అయితే అనూహ్యమైన ముగింపే కథకు ప్రాణమైనచోట దాచవచ్చని ఆయనే మినహాయింపు కూడా ఇచ్చారు.

ప్రశ్న అడిగినవారు:
మొదటి జవాబు చదివాక ఆ సినిమాను మళ్లీ చూశాను. హత్య జరిగిన రాత్రి స్నేహితుడు తన గదిలో ఒంటరిగా ఉంటాడు. తలుపు గడియ పెట్టి, కిటికీలు మూసి, హంతకుడు తన కోసమే వస్తాడేమోనన్న భయంతో మంచం పక్కన నక్కి కూర్చుంటాడు. హంతకుడు తానే. చూసేవారు ఎవరూ లేని ఆ గదిలో అతడు ఎవరి కోసం భయపడ్డాడు? మా కోసమే. ‘బాగుంది’ అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను.