బిల్లు కౌంటర్ దగ్గర స్టోర్ కార్డు (షాపు పేరుతో ఇచ్చే క్రెడిట్ కార్డు) అంటగడుతుంటే ఎలా తప్పించుకోవాలి?

ప్రశ్న: "మా కార్డు తీసుకోండి, ఈ బిల్లు మీదే 10 శాతం తగ్గుతుంది" అంటారు. వద్దన్నా వదలరు, వెనక క్యూ. ఏం చెప్పాలి?

జవాబు 1: "వద్దండీ, బిల్లు వేసేయండి." అంతే. కారణం చెప్పొద్దు, ప్రతి కారణానికీ వాళ్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. క్యాషియర్‌ మీద విసుక్కోకండి, చాలాచోట్ల వాళ్లకు టార్గెట్లుంటాయి పాపం.

జవాబు 2: పుట్టిన తేదీ అడిగారంటే అది డిస్కౌంట్ కాదు, క్రెడిట్ కార్డుకు దరఖాస్తే కావచ్చు. ఓటీపీ వస్తే మెసేజ్ పూర్తిగా చదవందే చెప్పొద్దు. దరఖాస్తు పడితే క్రెడిట్ రిపోర్టులో (మీ అప్పుల చరిత్రలో) ఎంక్వైరీ, అంటే మీరు అప్పు అడిగారన్న నమోదు, చేరి క్రెడిట్ స్కోరు కాస్త తగ్గొచ్చు.

జవాబు 3: లెక్క చూడండి. 2,000 బిల్లుకు 200 తగ్గింది. మిగతా 1,800 మీద నెలకు 3 శాతం వడ్డీ అనుకుంటే 54. నాలుగు నెలలు బాకీ ఉంచితే 216, తగ్గింపు మొత్తం హరీ! కొన్ని కార్డులకు వడ్డీ లేని గడువు దాటితే, వస్తువు కొన్న రోజు నుంచీ వడ్డీ లెక్కగట్టి వేస్తారు. ఆ షరతు తప్పక అడగండి.