గ్రేట్‌ఫుల్ డెడ్ బ్యాండు తప్ప ఇంకొకటి వినని నాకు ఫిష్ బ్యాండు చెవికెక్కింది. మీ అనుభవాలు చెప్పండి

పాతటేపులు:
2001లో చదువు కోసం బఫెలో వచ్చాను. నాతో గది పంచుకున్న అమెరికా కుర్రాడి మంచం కింద చెప్పుల పెట్టెల నిండా క్యాసెట్లు. ప్రతి దాని మీదా పెన్సిలుతో ఒక తేదీ, ఒక ఊరి పేరు. అన్నీ గ్రేట్‌ఫుల్ డెడ్ కచేరీలే. ప్రేక్షకులు రికార్డు చేసుకుంటే ఆ బ్యాండు అడ్డుచెప్పేది కాదట. 1984 నుంచి మైకులు నిలబెట్టుకునేవారికి హాల్లో వేరే చోటు కూడా కేటాయించారట. మన దగ్గర సభల్లో టేపు రికార్డరు బయటికి తీస్తే నిర్వాహకులు ఎలా చూస్తారో తెలిసిన నేను నమ్మలేకపోయాను. ఆ చలికాలమంతా అవే విన్నాను. 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాయించినది ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఆ బ్యాండు గిటారిస్టు జెర్రీ గార్సియా 1995లోనే పోయాడు. నేను ఎన్నడూ చూడని మనిషికి అభిమానిని.

ఫిష్ అంటే మాత్రం చులకన. డ్రమ్ములు వాయించే జాన్ ఫిష్‌మన్ గుండ్రాల బొమ్మలున్న గౌను తొడుక్కుని వస్తాడు. మధ్యలో వాక్యూమ్ క్లీనర్ గొట్టం నోటికి పెట్టుకుని చప్పుళ్లు చేస్తాడు. ఇది సంగీతమా, పగటివేషమా అనుకునేవాడిని. 2015లో డెడ్ యాభయ్యో ఏటి వీడ్కోలు కచేరీల్లో గార్సియా నిలబడే చోట ఫిష్ గిటారిస్టు ట్రే అనస్టాసియో నిలబడుతున్నాడని తెలిసి, షికాగో వెళ్లకుండా అలిగి కూర్చున్నాను. మన ఊళ్లో సినిమా హీరోల అభిమానుల తగవులు చూసి నవ్వినవాడిని.

2017 వేసవిలో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఫిష్ 13 రాత్రులు వాయించింది. ఏ పాటా రెండోసారి రాలేదు. ఒక్కో రాత్రికి ఒక్కో రకం డోనట్ పేరు. ఆఫీసులో ఒకాయన దగ్గర టికెట్ మిగిలిపోతే, వృథా చేయడం ఎందుకని జూలై 25న వెళ్లాను. ఆ రోజు డోనట్‌లో జామ్ ఉంటుంది. ఆ మాటకున్న రెండో అర్థం, పాటను అప్పటికప్పుడు అల్లుకుంటూ పోవడం, నాకు కాసేపటికి గానీ తెలియలేదు. మొదటి భాగంలో ‘లాన్ బాయ్’ అందుకున్నారు. ఆల్బమ్‌లో అది రెండున్నర నిమిషాల పాట. కీబోర్డు వాయించే పేజ్ మెక్‌కానెల్ హోటల్లో పాడేవాడిలా వయ్యారంగా పాడతాడు. ఆ రాత్రి అది అరగంట సాగింది. పది నిమిషాలప్పుడు ఫోను చూసుకుంటున్నాను. పదిహేనో నిమిషానికి అది జేబులోకి వెళ్లింది. డెడ్ వింటున్నప్పుడు గార్సియా గిటారు వేలు పట్టుకుని నడవడం నాకు అలవాటు. ఇక్కడ పట్టుకోవడానికి ఎవరి వేలూ దొరకలేదు. ఒకరు ఎత్తిన ముక్కను ఇంకొకరు పూర్తిచేస్తున్నారు. నేను ఇన్నాళ్లూ ఫిష్‌లో గార్సియాను వెతికాను. ఆయన అక్కడ ఎందుకుంటాడు?

మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

బెజవాడఎండ:
నాది సరిగ్గా తిరుగుదారి. బోస్టన్‌లో పదిహేనేళ్లుగా ఫిష్ అభిమానిని. డెడ్ నాకు నిద్రమాత్ర. ఏ పాట చూసినా నత్తనడక, ముగ్గురు పాడితే మూడు శ్రుతులు. మీ కార్నెల్ కచేరీని ఎంతమంది చేతిలో పెట్టారో! వినడం, పక్కన పెట్టడం.

నన్ను మార్చింది 1972 ఆగస్టు 27 నాటి డెడ్ కచేరీ. ఆరిగన్ రాష్ట్రంలో వెనెటా అనే చోట, నష్టాల్లో ఉన్న ఒక పాల కేంద్రాన్ని నిలబెట్టడానికి ఊరికే వచ్చి వాయించారు. పెరుగు డబ్బాల మీద అంటించే చీటీల వెనకే టికెట్లు అచ్చువేశారట, అది చదివాక వినక తప్పలేదు. ఆ రోజు ఎండ 38 డిగ్రీలు దాటింది. తీగలు వేడెక్కి శ్రుతి నిలవడం లేదు. రోహిణి కార్తెలో డాబా మీద వడియాలు ఎండబెట్టినదాన్ని, ఆ ఎండ నాకు చెవులతోనే తెలిసింది. అందులో ‘డార్క్ స్టార్’ అరగంట ఉంటుంది. తొందరలేకపోవడం బద్ధకం కాదని అప్పుడు అర్థమైంది. ఫిష్ వాళ్లు మెట్లెక్కిస్తారు, పైన ఏదో ఉందని మనకు తెలుస్తూనే ఉంటుంది. వీళ్లు మైదానంలో వదిలేస్తారు.

ఒక దిద్దుబాటు. గార్సియా వేలు పట్టుకున్నానంటున్నారు. డెడ్‌లోనే ఫిల్ లెష్ బేస్ గిటారు ఒక్కసారి విడిగా వినండి. ఆయన ఎవరి వెనకా నడవడు. ఆ పద్ధతి ఫిష్‌కి అక్కడి నుంచి కూడా వచ్చిందేమో.

ఆదితాళం:
రాజమండ్రిలో చిన్నప్పుడు ఆరేళ్లు మృదంగం నేర్చుకున్నాను, ఆ చెవులతోనే రెండు బ్యాండ్లూ వింటాను. నా పోలిక పూర్తిగా కుదరదని ముందే ఒప్పుకుంటున్నాను.

డెడ్ నాకు ఆలాపన. రాగం తీస్తూ ఎక్కడికి పోతామో పాడేవాడికే ముందు తెలియదు. ఫిష్‌లో నాకు దొరికింది లెక్క. ‘యూ ఎంజాయ్ మైసెల్ఫ్’ తీసుకోండి. మొదటి సగం అక్షరం అక్షరం రాసిపెట్టిన సంగీతం, ఒక్క స్వరం తప్పినా బయటపడిపోతుంది. ట్రే ఒక గురువు దగ్గర కూర్చుని స్వరరచన నేర్చుకున్నవాడు. ఆ తరువాత కట్లు విప్పేస్తారు. కల్పనస్వరాల్లో మనం ఎదురుచూసేది ఏమిటి? ఎంత దూరం పోయినా సరిగ్గా ఎత్తుగడ దగ్గరికి వచ్చి వాలడం. ఫిష్ జనం అంతసేపు ఊపిరి బిగబట్టి, ఒక్కసారిగా గట్టిగా అరిచేది ఆ వాలే చోటే. ఆ పాట చివర నలుగురూ వాద్యాలు వదిలేసి నోటితో మొదలుపెడతారు. కొన్నక్కోలు, అంటే మృదంగం జతులు నోటితో చెప్పడం, అనుకుని సంబరపడ్డాను. కాదు, దానికి లెక్క లేదు, ఊరికే పిట్టల గోల.

డెడ్‌లో లెక్క లేదని కూడా అనను. డ్రమ్మర్ మిక్కీ హార్ట్ తబలా విద్వాంసుడు ఉస్తాద్ అల్లా రఖా దగ్గర నేర్చుకున్నాడు. 1960ల చివర వాయించిన ‘ది ఎలెవెన్’ పేరులో ఉన్నట్టే పదకొండు మాత్రల తాళంలోది. తరువాత జాకిర్ హుస్సేన్‌తో కలిసి 1976లో ‘డిగా రిథమ్ బ్యాండ్’ ఆల్బమ్ చేశాడు. కచేరీ మధ్యలో ఇద్దరు డ్రమ్మర్లకే వదిలేసే భాగం వస్తే అందరూ మరుగుదొడ్డికి లేచేవారు, తని ఆవర్తనానికి మన సభల్లో కాఫీకి లేచినట్టు. ఆ బాధ నాకు రెండు ఖండాల్లోనూ ఉంది.

ససేమిరా:
అందరూ మారిపోయిన కథలే రాస్తున్నారు. మారని వాడి మాట కూడా ఒకటి ఉండాలి.

డెడ్ పాటలకు ఎక్కువగా మాటలు రాసినవాడు రాబర్ట్ హంటర్. అందులో చావు ఉంది, పేకాట ఉంది, రైళ్లున్నాయి, ముసలితనం ఉంది. మా నాన్నగారు పోయినప్పుడు నేను టికెట్ దొరక్క డల్లాస్ విమానాశ్రయంలో పదకొండు గంటలు కూర్చున్నాను. చెవిలో ఉన్నది డెడ్. ఫిష్ మాటలు ఎక్కువగా ట్రే చిన్ననాటి స్నేహితుడు టామ్ మార్షల్ రాసినవి. ఫిష్ పాటల్లో బల్లులు, దొంగలు, అర్థం లేని పేర్లు. అలాంటి రాత్రి ఆ మాటలు ఎవరైనా వినగలరా?

పాతటేపులు:
ససేమిరా గారూ, మీ చివరి ప్రశ్నకు నా జవాబు: వినలేరు. నేనూ అలాంటి రోజున డెడ్ దగ్గరికే పోతాను. ఈ రెండిటికీ ఒకే పని అప్పగించాలన్నదే నా పాత పొరపాటు.

కానీ ఫిష్ వాళ్లు ఆ వేళాకోళాన్ని చివరిదాకా నిజాయితీగా ఆడతారండీ. 1995 చివర్లో ప్రేక్షకులతో చదరంగం ఆడారు. కచేరీకి ఒక ఎత్తు, ఊరు మారితే తరువాతి ఎత్తు. రెండు ఆటలు, చెరొకటి గెలిచారు. మొన్నటి ఊళ్లో వేసిన ఎత్తు తెలుసుకోకుండా ఆడలేరు కదా, జనం అది కూడా గుర్తుపెట్టుకుని వచ్చేవారు.

బెజవాడఎండ:
కొత్తగా వినేవారికి ఒక హెచ్చరిక. ఎవరో ఒకరు ఫిష్ కచేరీల ఆల్బమ్ ‘ఎ లైవ్ వన్’ ఇస్తారు, 1995లో వచ్చింది. మంచిదే. కానీ అందులో ‘ట్వీజర్’ పాట అరగంట పైచిలుకు, గరుకు. మా ఆయనకు మొదట అదే వినిపించి ఆరేళ్లు వెనక్కిపోయాను. ఇప్పటికీ కారులో ఫిష్ పెడితే పెట్రోలు గుర్తుచేస్తారు, దారిలో బంకు ఉంటే దిగవచ్చని.

ఆదితాళం:
అయితే ముందు ‘డివైడెడ్ స్కై’ వినిపించండి. సగంలో ఒక స్వరం దగ్గర వాద్యాలన్నీ ఆగిపోతాయి. ట్రే కదలకుండా నిలబడతాడు. కొన్నిసార్లు నిమిషం కూడా దాటుతుంది. వేలమంది ఉన్న చోట ముందు ఈలలు, తరువాత అరుపులు, ఆ తరువాత వాళ్లంతట వాళ్లే సద్దుమణుగుతారు. అప్పుడు మళ్లీ మొదలవుతుంది. అందులో మాటలు కూడా ఒకటి రెండు పంక్తులకు మించవు, మన ససేమిరా గారికి ఇబ్బంది ఉండదు.

ససేమిరా:
నచ్చుతుందని కాదు. ఏ సంవత్సరం కచేరీలోది వినాలి?

పాతటేపులు:
రాత్రికి నాలుగు పంపిస్తాను. ఇప్పుడు క్యాసెట్లు లేవు గానీ, తేదీ, ఊరి పేరు రాసే పంపుతాను.