అప్‌డేట్: ఎర్ర మందారం క్లోజప్‌లో రేకుల వివరాలు పోవడానికి కారణం తెలిసింది

బెంగళూరులోని మా మేడ మీది తోటలో ఎర్ర మందారాన్ని దగ్గర నుంచి తీస్తే, ఆకులు స్పష్టంగా ఉన్నా రేకులు మాత్రం ఒకే ఎర్రటి ముద్దలా వస్తున్నాయని ఇదివరకు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

హిస్టోగ్రామ్‌ను (ఫొటోలో ఏ స్థాయి వెలుతురు ఎంత ఉందో చూపే గ్రాఫ్) రంగులవారీగా చూడమన్న సలహాతోనే అసలు సంగతి బయటపడింది. మామూలు హిస్టోగ్రామ్ వెలుతురును లెక్కగట్టేటప్పుడు ఆకుపచ్చకు ఎక్కువ, ఎరుపుకు తక్కువ ప్రాధాన్యం ఇస్తుంది కాబట్టి, అందులో అంతా సవ్యంగా కనిపిస్తున్నా, ఎరుపు ఛానల్ (ఫొటోలోని ఎరుపు రంగు సమాచారం) ఒక్కటే గరిష్ఠ విలువ 255కు చేరి వివరాలను కోల్పోతోంది. ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ తగ్గించి (అంటే ఫొటోకు అందే వెలుతురును సగం చేసి), ఎండ నేరుగా పడకుండా పలుచని తెల్ల గుడ్డ అడ్డుపెట్టి, సెన్సర్ సమాచారాన్ని దాదాపు యథాతథంగా దాచే రా ఫార్మాట్‌లో తీయగానే రేకుల మీది సన్నని ఈనెలు, అంచుల ముడతలు, చివరికి కేసరాల కాడ రేకు మీద వేసే నీడ కూడా విడివిడిగా కనిపించాయి. ఎంత అందమైన పువ్వో నాకు అప్పుడే పూర్తిగా తెలిసింది!

కెమెరాయే రంగులు సరిచేసి కుదించి దాచే జేపెగ్ ఫార్మాట్‌లోనే ఫొటోలు తీసేవారు రంగులను గాఢం చేసే 'వివిడ్' సెట్టింగ్‌ను తప్పక ఆపేయాలి; అది ఎరుపును మరింత ముద్ద చేస్తుంది.

లెన్స్‌ను మరమ్మతు నిపుణుడు పరీక్షించి ఏ లోపమూ లేదన్నారు. ట్రైపాడ్, చిన్న అపెర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) క్లోజప్‌లకు మంచివే కానీ ఈ సమస్యకు వాటితో సంబంధం లేదు. పసుపు బంతిపూలకైతే, ఫొటోలో పసుపు ఎరుపు, ఆకుపచ్చల కలయికే కాబట్టి, ఎరుపుతోపాటు ఆకుపచ్చ ఛానల్‌ను కూడా గమనించాలి.