కరోనా మతిమరుపు: జబ్బా, సాకా?

ఉండి రైతు
ఈ మధ్య మా వైపు ఎవరు ఏది మర్చిపోయినా ఒకటే మాట: "కరోనా వచ్చాక నా బుర్ర ఇలా అయిపోయిందండి." 2021లో వచ్చింది, పది రోజులుండి పోయింది. ఇప్పటికీ దాని మీదికే నెట్టేయడం ఏమిటి? టైఫాయిడ్ వస్తే నెలరోజులు నీరసం ఉండదా? జలుబు చేస్తే ముక్కు పోదా? ఇది జబ్బా, సాకా? తెలిసినవాళ్లు చెప్పండి.

గోదారి గట్టు
మా ఆవిడ తెమ్మన్న సరుకులు నేను 2005 నుంచే మర్చిపోతున్నాను.

కాకినాడ ఫిజియో
సాకు కాదండి. బ్రిటన్‌లో కొంతమందికి కరోనాకు ముందే మెదడు స్కాన్ తీసి ఉంచారు. తర్వాత మళ్లీ తీశారు. మొత్తం 785 మంది, అందులో 401 మందికి మధ్యలో కరోనా వచ్చింది. వచ్చినవాళ్లలో వాసనకు సంబంధించిన భాగాలు రానివాళ్లకంటే కొంచెం ఎక్కువగా పల్చబడ్డాయి. ఆ 401 మందిలో ఆసుపత్రిలో చేరింది 15 మందే. అంటే ఇంట్లో ఉండి తగ్గించుకున్నవాళ్లలోనూ తేడా కనిపించింది. 2022లో అచ్చయింది. తేడా చిన్నదే, 0.2 నుంచి 2 శాతం. అందరికీ ఒకేలా లేదు కూడా.

ఉండి రైతు
రెండు శాతమా! మా రొయ్యల చెరువులో రెండు శాతం పోతే దాన్ని లెక్కలోనే వేయం.

పూతరేకు
మాది ఆత్రేయపురం. నాకు 2021 మేలో వచ్చింది. నాలుగు నెలలు ఏ వాసనా లేదు. తర్వాత వచ్చింది కానీ తప్పుడు వాసన. కాఫీ కాలిన రబ్బరులా, ఉల్లిపాయ చెమటలా. పూతరేకులు చేసే నా పనికి నెయ్యి వాసనే ఆధారం. మక్కిందో లేదో తెలియక ప్రతి డబ్బా మా అత్తగారికి చూపించుకునేదాన్ని. ఒకసారి ఆవిడ ఊళ్లో లేరు. హైదరాబాద్ పంపిన పెట్టెలన్నీ తిరిగొచ్చాయి. పుస్తెలమ్మి అయినా పులస తినాలంటారు కదా, ఆ ఏడు మా ఇంట్లో పులుసు పెడితే నాకు మురుగు కాలువ పక్కన కూర్చున్నట్టుంది. సాకు అనడానికి మీకు నోరెలా వచ్చిందండీ?

ఉండి రైతు
అమ్మా, అది పులసేనా? ఒడిశా నుంచి ఐసులో వచ్చిన చేపను పులసని అంటగట్టేవాళ్లు కోకొల్లలు. దానికి ఆ వాసన సహజమే.

పూతరేకు
గోదాట్లో వల వేసినాయన నేరుగా ఇంటికి తెచ్చిచ్చాడు. నేను ఒకటి చెబితే మీరు ఇంకొకటి పట్టుకున్నారు.

గోదారి గట్టు
కిలో ఎంత పడిందమ్మా?

ఉండి రైతు
ముక్కు సంగతి ముక్కుదే. ముక్కు పోతే మెదడు పోయిందనడం ఏ లెక్క? నేనడిగింది మతిమరుపు గురించి.

కాకినాడ ఫిజియో
ఒక మాట ఒప్పుకుంటాను. ముక్కు లోపల వైరస్ ముఖ్యంగా పట్టేది వాసన నరాలను కాదు, వాటికి ఆసరాగా ఉండే కణాలను. అందుకే ఎక్కువమందికి వాసన తిరిగొచ్చింది. మెదడులోనూ వైరస్ స్వయంగా తిష్ఠ వేసిన దాఖలాలు తక్కువ. వాపు, సన్న రక్తనాళాల్లో గడ్డలు, మన రోగనిరోధక శక్తి మన మీదికే తిరగడం, వీటి వల్ల జరిగే నష్టమే ఎక్కువంటున్నారు. పక్షవాతాలు వచ్చింది చాలావరకు ఆ గడ్డల వల్లే. పూతరేకు గారూ, గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం రోజుకు రెండుపూటలా వాసన చూసే అభ్యాసం ఒకటుంది. నెలలు పడుతుంది.

పూతరేకు
చేశానండి. నిమ్మ వచ్చింది. నెయ్యి ఇంకా సగమే.

పాలకొల్లు మాస్టారు
అందరూ వైరస్‌నే తిడుతున్నారు. టీకా మాటేమిటి? కాళ్లూ చేతులూ చచ్చుబడే గిలియన్ బారీ జబ్బు టీకా వల్ల వచ్చిందని పేపర్లలో చదివాను. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఫిట్లొచ్చి పడిపోయారు. అదీ కరోనా లీలేనని నా అనుమానం.

కాకినాడ ఫిజియో
మాస్టారూ, ఏలూరు బాధితులకు కరోనా పరీక్షలు నెగెటివ్. ఎయిమ్స్ వాళ్లు చూస్తే బాధితుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. అప్పటికి మన దగ్గర టీకాయే మొదలు కాలేదు. గిలియన్ బారీ నిజమే, కానీ చాలా అరుదు. ఇంగ్లండ్ లెక్కల్లో, మన కోవిషీల్డ్ రకం టీకా వేసిన కోటిమందికి 38 కేసులు అదనంగా వచ్చాయి. కరోనా సోకిన కోటిమందికి 145.

పాలకొల్లు మాస్టారు
ఆ 38 మందిలో మీవాళ్లుంటే ఇలా మాట్లాడరు.

ఉండి రైతు
లెక్కలంటే నాకూ దొరికింది ఒకటి. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 2 లక్షల 36 వేల మందిని చూసి ఆరు నెలల్లో 34 శాతానికి మెదడు, మనసు సమస్యలన్నారు. మొత్తం మందిలో 17 శాతానికి టెన్షన్! నిద్ర పట్టకపోవడం కూడా కలిపేశారు. ఆ ఏడాది టెన్షన్ లేనివాడెవడు? మేత ధర చూసి నాకూ నిద్ర పట్టలేదు. నేనూ రోగినేనా?

కాకినాడ ఫిజియో
ఆ మాటలో న్యాయముంది. కానీ అదే అధ్యయనంలో ఫ్లూ వచ్చినవాళ్లతో పోల్చారు, వాళ్లకంటే ఇక్కడ ఎక్కువ. మీరు సగమే చదివారు.

ఉండి రైతు
అవునండి, సగమే చదువుకున్నవాణ్ని. మీలాంటి చదువుకున్నవాళ్లు కాగితాలు రాసివ్వబట్టే పనిదొంగలకు ధైర్యం.

పూతరేకు
పనిదొంగ ఎవరండీ? నన్నా?

ఉండి రైతు
మిమ్మల్ని కాదమ్మా. మా తమ్ముణ్ని. ఇద్దరం కలిసి చెరువు చేస్తున్నాం. సెకండ్ వేవ్‌లో పన్నెండు రోజులు ఆక్సిజన్ మీదున్నాడు. మొన్న రాత్రి రెండింటికి కరెంటు పోయింది, కాపలా వాడిదే. జనరేటర్ వేయడానికి లేచి, గట్టు మీదిదాకా వెళ్లి, ఎందుకొచ్చాడో మర్చిపోయి వచ్చి పడుకున్నాడట. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరగలేదు. తెల్లారేసరికి వనామి రొయ్యంతా చచ్చి తేలింది. నలభై కౌంటు, అంటే కిలోకు నలభై తూగే సైజు, పది రోజుల్లో పట్టుబడి. అడిగితే "కరోనా బుర్ర అన్నయ్యా" అన్నాడు. ఒకప్పుడు ఏ చెరువులో ఎంత మేత పడిందో పుస్తకం చూడకుండా చెప్పిన మనిషి! ఆదివారం పెద్దమనుషుల్ని కూర్చోబెడుతున్నాను.

కాకినాడ ఫిజియో
పుస్తకం చూడకుండా చెప్పే మనిషి గట్టు దాకా వెళ్లి మర్చిపోతే, అది బద్ధకంలా ఉందా మీకు?

పూతరేకు
ఈ సంగతి ముందే చెబితే పులస గొడవ ఉండేది కాదు కదండీ. మా ఇంట్లోనూ ఇంతే. తిరిగొచ్చిన పెట్టెల నష్టం నా వాటాలోనే కోశారు.

ఉండి రైతు
సాకైతే ఆదివారం తేలిపోతుంది, నష్టం వాడి వాటాలో కోస్తాను. జబ్బైతే ఏం చేయను? నష్టం నాది, కౌలు నాది, రాత్రి కాపలా నాది, వాడి పిల్లల ఫీజులూ నావే. నాకు యాభై ఎనిమిది. జబ్బని అంత తేలిగ్గా ఎలా ఒప్పుకోను?

గోదారి గట్టు
ఇప్పుడు జోకు రావట్లేదు అన్నయ్యా.

పాలకొల్లు మాస్టారు
కరెంటు పోతే మోగే అలారం దొరుకుతుంది. ముందు అది పెట్టించండి.

కాకినాడ ఫిజియో
పెద్దమనుషులకంటే ముందు నరాల డాక్టరుకు చూపించండి. గడియారం బొమ్మ గీయిస్తారు, ఐదు మాటలు చెప్పి కాసేపాగి అడుగుతారు. పది, పదిహేను నిమిషాల పని. బి12, థైరాయిడ్, షుగర్ కూడా చూడాలి. మతిమరుపు వాటివల్లా వస్తుంది, వాటికి మందులున్నాయి. అన్నీ కరోనా ఖాతాలో వేయడమూ తప్పే.

ఉండి రైతు
రక్తపరీక్షకు పరగడుపున రావాలా?

కాకినాడ ఫిజియో
షుగర్ పరీక్ష కూడా ఉంది కాబట్టి పరగడుపునే.

ఉండి రైతు
పొద్దున్నే టీ తాగొద్దన్న సంగతి వాడికి గుర్తుండదు. నేనే వెళ్లి బయల్దేరదీయాలి. ముక్కు విషయంలో మాత్రం నా మాట మారదు, జలుబుకీ పోతుంది.