అప్‌డేట్: చిలగడదుంప, పాలకూర వేపుడు బాగా కుదిరింది

చపాతీల్లోకి చిలగడదుంప, పాలకూర కలిపి త్వరగా అయ్యే కూర ఏదైనా ఉందా, దుంప ముద్దవకుండా ఎలా చేయాలి అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

దుంపల్ని బాగా రుద్ది కడిగి, తొక్కతోనే అరంగుళం ముక్కలు కోశాను. నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి వేగాక ముక్కలు, ఉప్పు, పసుపు వేసి, కాసిని నీళ్లు చిలకరించి మూత పెట్టాను. ఏడెనిమిది నిమిషాల్లో మెత్తబడ్డాయి, చిదరలేదు. ఆ తర్వాత మూత తీసి మంట పెంచమన్నారు చూడండి, అసలు రుచంతా అక్కడే ఉంది! ముక్కల అంచులు ఎర్రగా వేగి ఎంత కమ్మగా ఉన్నాయో. పాలకూర మాత్రం చివర్లోనే, రెండు నిమిషాలు చాలు. కడిగిన ఆకు నీళ్లు పూర్తిగా ఓడ్చాకే వేయాలి.

స్టవ్ ఆపాక నిమ్మరసం పిండాను. ఆకులోని ఐరన్ ఒంటికి పట్టడానికి సి విటమిన్ సాయపడుతుంది. నూనె పూర్తిగా మానేయకండి, బీటా కెరోటిన్ (ఒంట్లో ఎ విటమిన్‌గా మారే పదార్థం) పట్టాలంటే కొంచెం కొవ్వు కావాలి.

పాలకూరలో ఆక్సలేట్లు (కాల్షియంతో కలిసి కిడ్నీలో రాళ్లు కట్టగల పదార్థాలు) ఎక్కువ కాబట్టి, కిడ్నీలో రాళ్లున్న మా అత్తయ్యగారికి మెంతికూరతో విడిగా చేశాను. చేదు, తీపి కలిసి అదీ బాగుంది.