సోఫా ఎనకాల గోడకి అబ్‌స్ట్రాక్ట్ ప్రింట్, ఫ్రేమ్ యాడ కట్టించాల?

మాది అనంతపురం, హాల్లో పెద్ద గోడ ఖాళీగా ఉండాది, రష్యా చిత్రకారుడు కాండిన్‌స్కీ 1923లో వేసిన కంపోజిషన్ 8 అనే బొమ్మ ప్రింట్ పెట్టాలని నాకు ఆశ (మాయమ్మకైతే పిల్లోళ్లు కాంపాస్‌తో గీసినట్టుందంట). అసలుది సుమారు 140 బై 201 సెంటీమీటర్లు, ఆ లెక్కన 36 అంగుళాల వెడల్పుకి ఎత్తు 25 రావాల, కానీ ఆన్‌లైన్లో అందరూ 24 బై 36 అనే అమ్ముతాండారు, అంటే అంచులు కత్తిరిస్తారా లేక బొమ్మనే సాగదీస్తారా?

ఇంకోటి, గోడకి ఎదురుగా పడమటి కిటికీ, సాయంత్రం ఎండ నేరుగా పడుతుంది, గ్లాస్ వేస్తే మెరుపు తప్ప బొమ్మ కనపడదేమో, క్యాన్వాస్ అయితే దుమ్ము. పిగ్మెంట్ ఇంకు తొందరగా వెలిసిపోదంటారు, అది అడిగి తీసుకోవాలంటే ఎట్లా? ఇక్కడ ఫ్రేములోళ్లంతా దేవుని పటాలకేసే బంగారు రంగు పట్టీలే చూపిస్తాండారు, నాకు సన్న నల్లది కావాల. కర్నూల్లో గానీ కడపలో గానీ కట్టించినోళ్లుంటే ఎంతైందో కూడా చెప్పండప్పా.