సాదా జీవితం, వంట, ఇంటిపనుల పుస్తకాలు: మన రీడింగ్ రూమ్‌కి కొనాలా, వద్దా?

సీతమ్మధార పాఠకురాలు

మా అపార్ట్‌మెంట్లో కమ్యూనిటీ హాలు పక్కన చిన్న రీడింగ్ రూమ్ ఉంది. సంక్రాంతి చందాల్లో మిగిలిన డబ్బుతో ఒక షెల్ఫ్ నిండా ఇంటికి సంబంధించిన పుస్తకాలు కొందామని నేను అడిగాను. వంటలు, పచ్చళ్ళు, కుట్లు అల్లికలు, తక్కువ సరుకుతో ఇల్లు నడుపుకోవడం, పిల్లల పెంపకం, ఇలాంటివి. మీటింగ్‌లో ఒకావిడ లేచి, "ఇవన్నీ ఆడవాళ్ళకి పని పెంచే పుస్తకాలు. ఆఫీసు పని, ఇంటి పని చాలక ఇప్పుడు సబ్బు కూడా మనమే చేసుకోవాలా?" అంది. సగం మంది చప్పట్లు కొట్టారు.

ఆ మాటని కొట్టిపారెయ్యలేను. అయినా కొనాలనే అంటాను. ఇంటిపని కాయితం మీదికి ఎక్కితేనే అది ఎంత పనో ఇంట్లో మిగతావాళ్ళకి తెలుస్తుంది. నోటిమాటగా ఉన్నంతకాలం అది అమ్మకి పుట్టుకతో వచ్చిన విద్యగానే చలామణీ అవుతుంది. విశాఖలో, చుట్టుపక్కల ఉన్న మిగతా పాఠకులు మీరేమంటారు?

కంచరపాలెం

ఆ లేచినావిడ మాటే నా మాట కూడాను. కాయితం మీదికి ఎక్కితే పని కనబడుతుందన్నారు. కనబడదండీ, దాక్కుంటుంది. ఆవకాయే తీసుకోండి. ఏ పుస్తకం చూసినా "కాయలు కడిగి తుడిచి, ముక్కలు కొట్టించి, జీడి తీసి పక్కన పెట్టుకోవాలి" అని ఒక్క వాక్యం ఉంటుంది. ఆ ఒక్క వాక్యం నిజానికి ఒక మధ్యాహ్నం. నీళ్ళలో వేసిన కాయల్ని ఒక్కొక్కటే తీసి, ముచ్చిక దగ్గర సొన పోయేదాకా పొడిగుడ్డతో తుడవాలి. ముక్కలు కొట్టించుకొచ్చాక ప్రతి ముక్కకీ జీడి ఊడదీసి, టెంక లోపల అంటుకున్న పల్చటి పొరని చెంచా మొనతో గీకాలి. చెంచా అందని చోట గోరే గతి. సాయంత్రానికి గోళ్ళ సందులు నల్లబడిపోతాయి, ఆ చేత్తో ఉప్పూ కారం కలిపితే చుర్రుమంటాయి. ఇంత చేశాక ఒక్క ముక్కకి తడి మిగిలినా జాడీకి బూజు పడుతుంది.

నేను ఆసుపత్రిలో షిఫ్టుల ఉద్యోగం చేస్తాను. నైట్ డ్యూటీ దిగి వచ్చిన మనిషికి "సులువుగా ఇంట్లోనే చేసుకోండి" అనే అట్ట కనబడితే ఎలా ఉంటుందో ఆ రాసినవాళ్ళకి తెలీదు. అది చదివిన అత్తగారికి, మొగుడికి మాత్రం బాగా గుర్తుంటుంది.

మురళీనగర్ మాస్టారు

అమ్మా, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. అయితే అది పుస్తకం తప్పా, సరిగ్గా రాయని పుస్తకం తప్పా? మీరు పైన రాసిన పేరానే ఎవరైనా వంటల పుస్తకంలో అచ్చేస్తే నేను ముందు ఆ పుస్తకమే కొంటాను.

నా బాధ ఇంకొకటి. పాత పుస్తకాల్లో కొలతలన్నీ గిద్ద, సోల, తవ్వ, మానికల్లో ఉంటాయి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. బెల్లం, చింతపండు వీశెల్లో రాస్తారు. వీశె అంటే 120 తులాలు, ఇప్పటి లెక్కలో 1,400 గ్రాములు. 1956లో తూనికల చట్టం వచ్చాక కిలోలు, లీటర్లు దుకాణాల్లోకి వచ్చాయి గానీ వంటింట్లోకి రావడానికి చాలాకాలం పట్టింది. ఇప్పటి పిల్లలకి ఆ పుస్తకం చేతికిస్తే ఏం అర్థమవుతుంది?

ఉప్పు సంగతి ఇంకా ముఖ్యం. పాతవాళ్ళు సోలెడు ఉప్పు అన్నది కళ్ళుప్పుని దృష్టిలో పెట్టుకుని. ప్యాకెట్లో వచ్చే మెత్తటి ఉప్పు అదే సోలలో ఒత్తుగా కూర్చుంటుంది, బరువెక్కువ తూగుతుంది. కొలత మారలేదు, పచ్చడి మాత్రం ఉప్పుకశం. భయపడి తగ్గిస్తే బూజు. ఇది పుస్తకంలో ఒక్క లైను రాస్తే ఎన్ని జాడీలు బతికేవి! మన విశాఖ గాలికి ఉప్పు డబ్బాలోనే చెమ్మగిల్లుతుంది కాబట్టి ఇక్కడివాళ్ళకి కొలత పాత్ర కంటే తూకమే మేలు.

మాలతీ చందూర్ గారి వంటల పుస్తకం ముద్రణ మీద ముద్రణ అయింది. ఆంధ్రప్రభలో పాఠకుల ప్రశ్నలకి జవాబులిచ్చే ప్రమదావనం శీర్షిక నడిపిందీ ఆవిడే. అడగడానికి పక్కన పెద్దవాళ్ళు లేని ఇల్లాళ్ళకి అడిగితే చెప్పే మనిషి దొరికింది. ఆ అవసరం ఇప్పుడు తీరిపోయిందని నేననుకోను.

మధురవాడ

నేను మగవాణ్ణి, ఒక్కణ్ణే ఉంటాను, ఐటీలో పని. నా వైపు నుంచి కూడా చూడండి. మా అక్క అమ్మ పక్కన నిలబడి వంట నేర్చుకుంది. నేను వంటింట్లోకి వెళ్తే "నీకెందుకురా, వెళ్ళి చదువుకో" అనేవారు. పుస్తకమే నాకు ఆ చోటు ఇచ్చింది. కందిపప్పు ఎంతసేపు నానాలి, చింతపండు పులుసు పప్పు ఉడికాకే ఎందుకు పోయాలి (ముందే పోస్తే పులుపుకి పప్పు మెత్తబడదు) ఇవన్నీ పుస్తకంలో చదివే తెలుసుకున్నాను.

వీడియోలు ఉన్నాయి కదా అంటారు. పిండి చేత్తో ఫోన్ వెనక్కి జరపడం ఒక చికాకు. వీడియోలో పోపు ఎప్పుడూ సరిగ్గా వేగుతుంది, మాడితే కోసేస్తారు. పుస్తకం పక్కన పెన్సిలుతో "మన స్టవ్ మీద మంట తగ్గించు" అని రాసుకోవచ్చు.

పుస్తకాల మీద నాకున్న ఫిర్యాదు ఒకటే. మొదటి పేజీలో "కొత్త కోడళ్ళకి కానుక" లాంటి మాట ఉంటుంది. నాలాంటి వాడు ఆ పేజీ తిప్పేసి ముందుకెళ్ళాలి.

లాసన్స్ బే

చర్చ వంట దగ్గరే ఆగిపోయింది. సాదా జీవితం అంటే ఆవకాయ పెట్టుకోవడం ఒక్కటే కాదు. తక్కువ కొనడం, ఉన్నది బాగుచేసుకోవడం, తన పని తను చేసుకోవడం. 1904లో జోహానెస్‌బర్గ్ నుంచి డర్బన్ వెళ్ళే రైల్లో గాంధీ గారు ఇంగ్లీషు రచయిత రస్కిన్ రాసిన "అన్‌టు దిస్ లాస్ట్" పుస్తకం చదివారు. లాయరు పనికీ మంగలి పనికీ విలువ ఒకటేనన్న మాట ఆయనకి అందులో దొరికింది. ఆ తర్వాతే డర్బన్ దగ్గర ఫీనిక్స్ ఆశ్రమం. ఒక్క పుస్తకం అంత పని చేసింది.

మనకి దగ్గరి సంగతి కూడా చెప్తాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. మిక్సీ, మోటారు, ఫ్రిజ్ అన్నీ మూగబోయాయి. రోలూ పొత్రం ఉన్న ఇల్లు ఆ వీధికంతా అక్కరకొచ్చింది. చేత్తో చేసుకునే విద్య మరిచిపోకూడదని అప్పుడే అనుకున్నాను.

కంచరపాలెం

లాసన్స్ బే గారూ, ఆ రోలు దగ్గర కూర్చుని రుబ్బింది ఎవరో కూడా రాయండి మరి. మా వీధిలో అయితే ఆడవాళ్ళే.

గాంధీ గారి మాట తెచ్చారు కాబట్టి ఆయన ఆత్మకథలోనే ఉన్న ఇంకో సంగతి చెప్తాను. 1898, డర్బన్. ఇంట్లో ఉండే గుమాస్తాల మూత్రపు కుండలు కస్తూర్బా, ఆయనా శుభ్రం చెయ్యాలని నియమం. పంచమ తల్లిదండ్రులకి పుట్టిన ఒక క్రైస్తవ గుమాస్తా కుండ ఎత్తాల్సివచ్చినప్పుడు ఆవిడ కన్నీళ్ళతో మెట్లు దిగింది. ఏడుస్తూ చేస్తే కుదరదు, సంతోషంగా చెయ్యాలని ఆయన అరిచి, చెయ్యి పట్టుకుని గేటు దాకా ఈడ్చుకెళ్ళారు. ఆవిడకి ఆ రోజు ఉన్న కులపట్టింపుని నేను సమర్థించను. కానీ ఆ ఇంట్లో సాదాతనం ఎలా ఉండాలో ఎవరు నిర్ణయించారు, ఎవరు ఏడ్చారు? ఆయన దాచకుండా రాసుకున్నారు, అందుకు దండం పెడతాను. ఇప్పటి సాదా జీవితం పుస్తకాల్లో ఆ పేజీ ఉండదు. నాకు కావలసింది ఆ పేజీ.

యలమంచిలి

చేతిపనుల పుస్తకాల గురించి ఒక ముక్క. మాది లక్క బొమ్మలు చేసే ఏటికొప్పాక దగ్గర. అంకుడు కర్ర తిరుగుతుండగా లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటాది. ఎంత నొక్కాలో చెయ్యికి తెలవాలి తప్ప పుస్తకం చెప్పలేదు. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. "వారాంతంలో మీరే చేసుకోండి" అనే పుస్తకాలు చదివి జనం బొమ్మ కొనడం మానేస్తే మావోళ్ళ గతేటి? బొంత కుట్టుకోవడం, చిరిగిన బట్టకి మాటు వెయ్యడం నేర్పే పుస్తకాలు కొనండి. అవి ఎవరి పొట్టా కొట్టవు.

సీతమ్మధార పాఠకురాలు

అందరివీ చదివాను. కంచరపాలెం గారూ, పని దాక్కుంటుందన్న మీ మాటకి నా దగ్గర ఎదురు జవాబు లేదు. అందుకే కొనే ముందు ప్రతి పుస్తకాన్నీ తెరిచి మూడు విషయాలు చూస్తాను. కొలతలు గ్రాముల్లో ఉన్నాయా, పనికి పట్టే సమయం రాశారా, ఇంట్లో ఎవరైనా చెయ్యొచ్చన్నట్టు రాశారా. ఈ మూడూ ఉన్న పుస్తకాలు తక్కువే దొరుకుతాయని తెలుసు. షెల్ఫ్ సగమే నిండితే నిండనీ.

మిగిలిన డబ్బుతో ఒక లావుపాటి రూళ్ళ నోట్‌బుక్ కొని అక్కడే పెడతాను. ఎవరింట్లో ఏది చేసినా కొలత, పట్టిన సమయం, చేసిన మనిషి పేరు, ముగ్గురో నలుగురో కలిసి చేస్తే ఎవరు ఏ పని చేశారో అందులో రాయాలి. మాస్టారూ, పాత కొలతల పట్టిక మీరు రాసిస్తే అట్ట లోపల అంటిస్తాను. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ముందు పాత పుస్తకాలు తిరగేసి, ఆ తర్వాతే కొనడానికి వెళ్తాను.

కంచరపాలెం

నోట్‌బుక్ సరే. చేసిన మనిషి పేరు తప్పకుండా ఉండాలి, అది వదలొద్దు. పిల్లల పెంపకం పుస్తకాలకి మాత్రం నేను ఒప్పుకోను. వాటిలో పిల్లాడు దగ్గినా తల్లిదే తప్పంటారు. ఆ డబ్బు పెట్టి బొంత కుట్టే పుస్తకం ఇంకోటి తీసుకోండి.

సీతమ్మధార పాఠకురాలు

పెంపకం పుస్తకాల్లో తండ్రికీ సమంగా చెప్పేవి ఒకటో రెండో ఉన్నా కొనాలనే అంటాను. ఇది మనిద్దరి మధ్య తేలేది కాదు, వచ్చే మీటింగ్‌లో ఓటుకి పెడతాను. మీ షిఫ్టు ఎప్పుడో చెప్పండి, ఆ టైముకి కాకుండా మీటింగ్ పెట్టిస్తాను.